గోపడిని వదిలేసిన సినిమా

“పాతాళభైరవి” కథ కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్నారు. పాత తెలుగు సినిమాల మీద కాస్త ఇష్టం ఉన్నవాళ్ళెవరిని కదిపినా ఈ ముక్క చెప్తారు. చెప్పి అక్కడితో ఆగిపోతారు. ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు, వదిలేసింది చివరికి ఏమైంది అన్నది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పుస్తకం చదివినవాళ్ళు “ఆ పుస్తకం ముందు సినిమా ఎంత” అంటారు. సినిమా చూసినవాళ్ళు “ఎస్వీ రంగారావుని చూశాక ఇంక పుస్తకం ఎందుకండీ” అంటారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఈ తగువులో మూడో మనిషి ఒకడున్నాడు. వాడి పేరు గోపడు. వాడి సంగతి ఎవరూ ఎత్తరు.

ముందు పుస్తకం సంగతి చెప్పుకుందాం. కాశీమజిలీ కథలు రాసింది మధిర సుబ్బన్న దీక్షితులు గారు (1868–1928). మొత్తం 12 భాగాలు. రాజకుమారులు, మాంత్రికులు, శాపాలు, గంధర్వులు, తప్పిపోయిన కవలలు, మారువేషాలు, ఒక కథ కడుపులో ఇంకో కథ, దాని కడుపులో మరొకటి. ఇవాళ్టి పిల్లలు ఏడు పుస్తకాల హ్యారీ పాటర్‌ని వరసబెట్టి చదివినట్టు ఒకప్పుడు తెలుగిళ్ళల్లో ఈ భాగాల్ని చదివారు. ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు ఒకరుంటే చాలు, మిగిలినవాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. భాష గ్రాంథికమే. అయినా ఎవరికీ అడ్డం రాలేదు. తర్వాత ఏమైంది అన్న ఆత్రం ముందు సంధులూ సమాసాలూ ఒక లెక్కా!

ఈ కథలన్నిటినీ కలిపి కట్టిన తాడు ఒకటుంది. మణిసిద్ధుడనే ఆయన కాశీకి వెళ్ళాలనుకుంటాడు. నడిచి వెళ్ళాలి, తోడు కావాలి. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకునే రోజులు కాబట్టి ఎవరూ రారు. చివరికి పశువులు కాసుకునే కుర్రాడు గోపడు దొరుకుతాడు. వాడికి కాశీ మీద పెద్ద భక్తేమీ లేదు. కథలంటే మాత్రం ప్రాణం. వాడొక షరతు పెడతాడు. దారిలో మజిలీ చేసిన ప్రతిచోటా తను ఏదైనా వింత చూసి అడిగితే దాని కథ చెప్పాలి. చెప్పకపోతే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేస్తాడు. మణిసిద్ధుడు ఒప్పుకుంటాడు. ఆయన దగ్గర ఒక మణి ఉంది, దాని మహిమ వల్ల ఎప్పుడో జరిగిపోయినవి కూడా ఆయనకి తెలుస్తాయి.

మజిలీ అన్నది దీక్షితులుగారి ఊహ కాదు, అది నిజమైన లెక్క. రైళ్ళు రాకముందు దూరాన్ని మైళ్ళతో పాటు మజిలీలతోనూ కొలిచేవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రలో ఏ ఊళ్ళో దిగింది, అక్కడ నీళ్ళు ఎలా ఉన్నాయి, బియ్యం, కట్టెలు దొరుకుతాయా లేదా అన్నవన్నీ ఉంటాయి. ఆయన వెంట పరివారం ఉంది, పల్లకీ ఉంది. అయినా పదిహేను నెలల పైనే పట్టింది. మజిలీ అంటే వంట చేసుకుని, తిని, కాళ్ళు చాపుకునే చోటు. పొద్దుట మళ్ళీ నడక మొదలవుతుంది. ఈ మధ్యలో ఉన్న రాత్రిని ఏం చేసుకోవాలి అన్న ప్రశ్నకి జవాబే కాశీమజిలీ కథలు.

కథలో కథ పెట్టడం మనకి కొత్తేమీ కాదు. అరేబియన్ రాత్రుల్లో షహరాజాద్ ప్రాణం కాపాడుకోవడానికి కథ చెప్తుంది. భేతాళుడు విక్రమార్కుడి మౌనం చెడగొట్టడానికి చెప్తాడు. ఒకచోట భయం, ఒకచోట పంతం. కాశీమజిలీలో ఉన్నది ఈ రెండూ కాదు, ఒప్పందం. మూట మోసేవాడికి కూలి కింద కథ ఇవ్వాలి. పైగా ఆ ఒప్పందం షరతులు రాసింది మూట మోసేవాడే. గురువు దగ్గర సమస్త జ్ఞానం ఉండొచ్చు, కానీ శిష్యుడు ప్రశ్న అడక్కపోతే ఆ మణి మూటలో రాయిలాగే పడుంటుంది. జవాబు నచ్చక శిష్యుడు వెనక్కి తిరిగితే కాశీయే లేదు. ఇంత తేలిగ్గా, ఎక్కడా ఉపన్యాసం లేకుండా, వినేవాడికి అంత అధికారం ఇచ్చిన పుస్తకం అది.

ఇప్పుడు సినిమా దగ్గరికి వద్దాం. పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలైంది. విజయా వారి సినిమా, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. తోట రాముడిగా ఎన్టీ రామారావు, నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా చూపించారు.

కాశీమజిలీ నుంచి వాళ్ళు తీసుకున్నది ఒక బీజం మాత్రమే. సాహసవంతుడైన యువకుణ్ణి బలిచ్చి శక్తిని సాధించాలని చూసే మాంత్రికుడు. ఆ బీజానికి అల్లావుద్దీన్ కథ అంటుకట్టారు. అద్భుత దీపం స్థానంలో పాతాళభైరవి ప్రతిమ వచ్చింది. కోరగానే మేడ లేవడం, దొంగిలించినవాడు ఆ మేడతో సహా రాజకుమారిని ఎత్తుకుపోవడం, హీరో వెతుక్కుంటూ వెళ్ళడం, ఇదంతా అక్కణ్ణుంచి వచ్చిందే. బలి ఇవ్వాలనుకున్నవాడే బలైపోయే మలుపు చూస్తే భేతాళ కథల ముగింపు గుర్తొస్తుంది. అక్కడా అంతే, విక్రమార్కుణ్ణి బలిద్దామనుకున్న యోగి తల తెగుతుంది. అంటే పాతాళభైరవి ఒక కథకి తెర రూపం కాదు. మూడు కథాసంప్రదాయాలు కలిసి వండిన కొత్త వంటకం.

నాయకుణ్ణి చూడండి. అతను రాజకుమారుడు కాదు, తోటమాలి కొడుకు. అతను రాజుగారమ్మాయిని ప్రేమించాడు. రాజు ఒప్పుకోవాలంటే రాజుకి సరిపడా ఐశ్వర్యం కావాలి. కథ మొత్తం ఈ ఒక్క అవసరం చుట్టూ తిరుగుతుంది. పాత జానపద కథల్లో ఇలాంటివాడు చివర్లో ఎవరో రాజు తప్పిపోయిన కొడుకని తేలిపోతాడు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. పింగళి, కె.వి. రెడ్డి ఆ తేలిక దారి పట్టలేదు. రాముడు మాలి కొడుకుగానే పెళ్ళి చేసుకుంటాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు కాకుండానే వచ్చిన సినిమా ఇది. హాల్లో నేల టికెట్టు మీద కూర్చున్నవాళ్ళకి ఆ రాముడు ఎందుకంత దగ్గరయ్యాడో చెప్పక్కర్లేదు.

ఇక మాంత్రికుడు. పుస్తకాల్లో మాంత్రికుడు దుర్మార్గుడు, అంతే. తెర మీద ఆ మాంత్రికుడికి నడక వచ్చింది, గడ్డం నిమరడం వచ్చింది, శిష్యుడు సదాజపుణ్ణి పిలిచే ఒక ధోరణి వచ్చింది. ‘డింభక’ అన్న సంస్కృత పదం అప్పటిదాకా నిఘంటువులో హాయిగా నిద్రపోతోంది. పింగళి దాన్ని లేపి రంగారావు నోట్లో పెట్టారు. ఆ తర్వాత అది తెలుగువాళ్ళ ఇంటి మాటైపోయింది. ఇది పుస్తకం వల్ల అయ్యే పని కాదు. ఆ విషయంలో సినిమా పక్షంవాళ్ళ వాదన ఒప్పుకోవాల్సిందే.

మరి గోపడు? లేడు. మణిసిద్ధుడూ లేడు, మజిలీ లేదు, అడిగేవాడు లేడు. కథ తనంతట తాను మొదలై తనంతట తాను అయిపోతుంది. మూడు గంటల పైచిలుకు సినిమాలో కథ చెప్పేవాణ్ణీ వినేవాణ్ణీ కూర్చోబెట్టే చోటు లేదని నిర్మాతలు అనుకుని ఉంటే అందులో తప్పు పట్టడానికేం లేదు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి సినిమా 2001లో వచ్చినప్పుడు అందులో టామ్ బాంబడిల్ లేడని అభిమానులు ఇప్పటికీ తగువులాడుకుంటారు. దర్శకుడు పీటర్ జాక్సన్ వైపు జవాబు కూడా అలాంటిదే. అతను లేకపోయినా ప్రధాన కథ నడుస్తుంది. నిజమే. గోపడు లేకపోయినా రాముడి కథ నడుస్తుంది. కానీ బాంబడిల్ కథలో ఒక పాత్ర. గోపడు అసలు కథ ఎందుకు చెప్పాలో చెప్పే కారణం. ఈ రెండు లోట్లూ ఒకటి కావు.

ఇదంతా నేను రాస్తున్నది రంగూన్‌లో, లమ్మడాలో కూర్చుని. ఆఫీసు పని మీద వచ్చి ఇక్కడ ఉంటున్నాను. ఈ పేటకీ ఈ సినిమాకీ ఏమిటి సంబంధం అంటారేమో, ఉంది. ఒకటి కాదు, రెండు.

మొదటిది వ్యాపార సంబంధం. పాతాళభైరవి తీసిన నాగిరెడ్డిగారిది కడప జిల్లా పొట్లదుర్తి. బర్మాకి ఉల్లిపాయలు ఎగుమతి చేయడం వాళ్ళ కుటుంబ వ్యాపారం. మద్రాసులో ఎక్కిన సరుకు ఈ రంగూన్ రేవులోనే దిగేది. తర్వాత ఆయన అచ్చు వ్యాపారంలోకి, అక్కణ్ణుంచి పత్రికల్లోకి, సినిమాల్లోకి వచ్చారు. 1947 జులైలో చక్రపాణితో కలిసి చందమామ మొదలుపెట్టారు. నాలుగేళ్ళకి పాతాళభైరవి. తెలుగు అద్భుత కథ అచ్చులోనూ తెర మీదా ఒకే గొడుగు కిందికి రావడం అదే మొదలు. ఆ ఇంటి పాత లెక్కల్లో రంగూన్ పేరు కూడా ఉందన్నమాట.

రెండో సంబంధం మనుషులది. ఉత్తరాంధ్రలో పాతవాళ్ళు రంగూన్‌ని ‘రంగం’ అంటారు. రంగం వెళ్ళాడు అంటే సముద్రం దాటి కూలికి పోయాడని అర్థం. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, వీధులు ఊడ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని ‘కోరంగీ’ అన్నారు. మొదట్లో అది ఊరి పేరే, పోనుపోను తిట్టు పేరైంది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైన ఉన్నారు. రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే.

లమ్మడా ఆ నగరానికి పడమటి కొస. 1852లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని పట్టుకున్నాక గళ్ళ నోటుబుక్కులా వీధులు గీశారు. ఇప్పుడు లమ్మడా వీధి అంటున్నదానికి అప్పటి పేరు గాడ్విన్ రోడ్డు, ఆ యుద్ధం నడిపిన సేనాని పేరు. బర్మా మాటకి అర్థం పెద్ద బాట, రాచబాట అని. బాట చివరికి నడిస్తే నది, రేవు. 1930 మేలో ఈ రేవులోనే తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తేలాక వాళ్ళని తీసేసి వీళ్ళని మళ్ళీ పిలిచారు. మే 26న మొదలైన కొట్లాటల్లో వంద మందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షల మంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియాకి బయల్దేరారు. దారిలో పోయినవాళ్ళకి లెక్కే లేదు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం చేసింది, మిగిలినవాళ్ళలో చాలామంది ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ తిరిగొచ్చినవాళ్ళదే.

ఈ కూలీల ఒప్పందాలు ఎలా ఉండేవో చదువుతుంటే నాకు గోపడే గుర్తొస్తాడు. మేస్త్రీ ముందు బయానా ఇస్తాడు, ఓడ టికెట్టు కొంటాడు. ఇక్కడికొచ్చాక ఆ అప్పు తీరేదాకా జీతంలో కోత. షరతులన్నీ మేస్త్రీవి, వెనక్కి తిరిగి వెళ్ళే హక్కు కూలీకి లేదు. సుబ్బన్న దీక్షితులుగారు పుస్తకాలు రాసుకుంటున్న కాలమూ, గోదావరి జిల్లాల నుంచి మనుషులు ఇలా ఓడలెక్కుతున్న కాలమూ ఒకటే. ఆయన మనసులో ఈ పోలిక ఉందని నేను అనను. కానీ మూట మోసేవాడే షరతు పెట్టే కథ ఎంత పెద్ద అద్భుతమో ఈ రేవు చూశాక తెలుస్తుంది. ఎగిరే మంచాలూ మాయమయ్యే మేడలూ దాని తర్వాతే.

ఇక్కడ ఆదివారాలు నేనూ, హైదరాబాదు నుంచి వచ్చిన నా సహోద్యోగీ, మా వీధి చివర ఉండే ఒక పెద్దాయనా టీ కొట్టులో కలుస్తుంటాం. పెద్దాయనకి డెబ్భై దాటాయి. పూర్వీకులది శ్రీకాకుళం వైపు. ఆయన పుట్టింది ఇక్కడే. 1942లో వెళ్ళలేక, 1964లో వెళ్ళడానికి మనసొప్పక ఉండిపోయిన కుటుంబం. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అక్షరాలు నేర్పేవాళ్ళు ఆయన చిన్నప్పుడు దగ్గర్లో లేరు. పాతాళభైరవి డీవీడీ మీద ఒకసారీ, ఫోనులో లెక్కలేనన్నిసార్లూ చూశారు. నా సహోద్యోగి హ్యారీ పాటర్ పుస్తకాలు చదువుతూ పెరిగిన మనిషి. ఎనిమిది సినిమాల్లో ఏ సినిమా ఏ అధ్యాయాన్ని ఎగ్గొట్టిందో అప్పజెప్పగలడు. కాబట్టి మా మధ్య పుస్తకమా సినిమానా అన్న తగువు తెగదు.

ఒక ఆదివారం నేను కాశీమజిలీ గొప్పతనం గురించి కాస్త ఎక్కువ సేపే చెప్పినట్టున్నాను. మా వాడు కూడా నన్నే సమర్థిస్తున్నాడు. మూలం చదవకుండా సినిమా గురించి మాట్లాడకూడదు అన్నంత దూరం వెళ్ళాడు. పెద్దాయన కప్పు కింద పెట్టి అన్నారు:

“నువ్వు పుస్తకం సూసి సెప్తన్నావు బాబూ. నాను బొమ్మ సూసి సెప్తన్నాను. మరి మాయమ్మ ఏటి సూసి సెప్పిందంటావు?”

వాళ్ళమ్మగారు చిన్నపిల్లగా తండ్రి వెంట ఓడలో వచ్చిన మనిషి. ఆమెకి చదువు లేదు, సినిమాలు చూసే జీవితమూ కాదు. అయినా రాత్రిపూట బాలనాగమ్మ కథ చెప్పేదిట. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని చెప్పే చోట ఆగేదిట. పిల్లలు ఆ సముద్రాలు ఎక్కడున్నాయి అని అడగాలి, అడిగేదాకా ముందుకి పోయేది కాదు. అడిగాక, “ఏడింట్లో ఒకటి నాను దాటీసినాను, ఇంక ఆరే” అనేదిట.

నాకిందులో రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, ఆ కథకి ఆయన దృష్టిలో మూలం పుస్తకమూ కాదు, సినిమా కూడా కాదు. బాలనాగమ్మ 1942లో జెమినీ వారి సినిమాగా వచ్చింది, కాంచనమాల నటించింది. కానీ అంతకుముందు అది బుర్రకథ, జముకుల కథ, అమ్మ నోటి కథ. మూలానికి కట్టుబడి ఉన్నారా అన్న ప్రశ్న హ్యారీ పాటర్‌కి సరిపోతుంది. అక్కడ రచయిత ఒకరే, పాఠం ఒకటే. మన అద్భుత కథలకి ఆ కొలత పెడితే తేడా వస్తుంది. 1957లో వచ్చిన మాయాబజార్‌నే తీసుకోండి. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేనే లేదు. ఉందా లేదా అని ఎవరైనా అడిగి సినిమా చూడ్డం మానేశారా? జనం నోట్లో నలిగి వచ్చిన కథ అది, కె.వి. రెడ్డి, పింగళి కలిసి ఇంకో మజిలీ ముందుకి నడిపించారు, అంతే. సుబ్బన్న దీక్షితులుగారు కూడా అంతకుముందు నుంచీ తిరుగుతున్న కథల్నే ఎన్నో పోగేసి తన తాడుకి గుచ్చారు. ఆయన ఆ కథలకి ఆఖరి యజమాని కాదు.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. వాళ్ళమ్మ ఆగేది. పిల్లలు అడిగేవాళ్ళు. పన్నెండు భాగాల పుస్తకంలో ఉన్న ఒప్పందాన్ని, ఆ పుస్తకం పేరు కూడా వినని మనిషి తు.చ. తప్పకుండా అమలు చేసింది.

ఆయనకి మనవలున్నారు. వాళ్ళకి తెలుగు సగమే వచ్చు. ఆయన పాతాళభైరవి ఫోనులో పెట్టి, మధ్యలో ఆపి, బర్మా మాటల్లో కలిపి చెప్తుంటారు. రంగారావు ముఖం తెర మీద ఆగిపోయి ఉంటుంది. పిల్లలు ఏదో అడుగుతారు, ఈయన జవాబు చెప్తారు, మళ్ళీ నొక్కుతారు. సినిమా పిల్లలకి అర్థమవడానికి భాష సరిపోదు కాబట్టి ఆపాల్సి వస్తోంది. భాష పోతున్న చోట, ఆ పోవడం వల్లనే, గోపడు మళ్ళీ ఇంట్లోకి వచ్చాడు. ఇది చూసి సంతోషించాలో బాధపడాలో నాకు తెలియడం లేదు. ఆ పిల్లలు వాళ్ళ మనవలకి ఏ భాషలో చెప్తారో ఊహించడం కష్టమేమీ కాదు.

తిరిగి మన అభిమానుల తగువుకి వద్దాం. అద్భుత కథ సినిమాగా నిలబడాలంటే ఏం కావాలి అన్నదానికి విజయా వారి దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. 1954లో చంద్రహారం తీశారు. ఎన్టీ రామారావు, రంగారావు, పింగళి, ఘంటసాల, బార్ట్లే అందరూ ఉన్నారు. దర్శకుడు మాత్రం కమలాకర కామేశ్వరరావు. రాకుమారుడి ప్రాణం హారంలో ఉండటం లాంటి కల్పన కూడా ఉంది. సినిమా ఆడలేదు. నాకు తోచేదేమంటే, పాతాళభైరవి రాముడికి ఒక అవసరం ఉంది, దానికోసం ప్రాణం ఒడ్డుతాడు. చంద్రహారం నాయకుడు తన మీద జరిగే మాయని భరిస్తూ ఉంటాడు. మాయ ఎంత ఉన్నా, “ఇప్పుడేం చేస్తాడు?” అని ప్రేక్షకుడు అడగని చోట కథ ఆగిపోతుంది. చూశారా, ప్రశ్న అడిగేవాణ్ణి తెర మీదనుంచి తీసేసినా హాల్లోనుంచి తీసేయలేం. పాతాళభైరవిలో గోపడు లేడని నేను అన్నాను కదా. నిజానికి కె.వి. రెడ్డి వాణ్ణి నేల టికెట్టులో కూర్చోబెట్టారు. చంద్రహారానికి వచ్చేసరికి వాడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఇంకో విచిత్రం. అదే ఇంట్లోంచి వచ్చే చందమామలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు ధారావాహికలు రాశారు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పన్నెండు. నెలనెలా వాటికి ‘చిత్ర’ వేసిన రంగుల బొమ్మలు. శిఖిముఖి ఎలా ఉంటాడో, సిద్ధసాధకుడి చేతి శూలం ఎలా ఉంటుందో ఆ తరం పాఠకులకి సినిమా చూసినంత స్పష్టంగా తెలుసు. పత్రిక వాళ్ళదే, స్టూడియో వాళ్ళదే. అయినా ఇవి సినిమాలు కాలేదు. చందమామ అభిమానులు ఎక్కడ కలిసినా, ఫలానా సీరియల్ తీస్తే ఎవరు వేయాలి అన్న చర్చ తప్పదు. అవి తీయకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. నెల రోజుల పాటు తర్వాతేమైందో అని పిల్లలు తమలో తాము వాదించుకున్నారే, ఆ నెలే ఆ కథలకి మజిలీ. రెండున్నర గంటల్లో కుదిస్తే రాక్షసులు మిగులుతారు, మజిలీలు మిగలవు.

ఆ పత్రిక మంచి సినిమాకి బడి కాలేదని మాత్రం అనలేం. 1994లో భైరవద్వీపం వచ్చింది. నిర్మాత నాగిరెడ్డిగారి అబ్బాయి వెంకట్రామిరెడ్డి, బ్యానరు పేరులోనే చందమామ ఉంది. కథ, మాటలు రావి కొండలరావు, ఆయన విజయా వారి సినిమా పత్రిక విజయచిత్రలో పనిచేసిన మనిషి. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, కె.వి. రెడ్డి శిష్యుడు. ఫలానా కథకి తెర రూపం అని చెప్పుకోకుండానే కాశీమజిలీ నుంచి చందమామ దాకా వచ్చిన రుచినంతా అందులో వడ్డించారు. మూలం లేదు, వంశం ఉంది. మన దగ్గర ఈ కథలు ఎప్పుడూ ఇలాగే నడిచాయి.

అయితే చట్రాన్ని తెరకెక్కించడం అసలు కుదరని పనా? కుదురుతుందని 1985లోనే తేలిపోయింది. దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ తీసిన విక్రమ్ ఔర్ బేతాళ్ వచ్చింది. ప్రతి భాగంలో కథ వేరు, కానీ భుజం మీద భేతాళుడు ఎక్కడం, ప్రశ్న వేయడం, జవాబు రాగానే ఎగిరిపోవడం మారవు. పిల్లలు లోపలి కథలు మర్చిపోయారు, ఆ ఎగిరిపోవడం మాత్రం మర్చిపోలేదు. చందమామలోనూ అంతే. అసలు భేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కూడా దశాబ్దాల తరబడి కొత్త కథలు అల్లి అదే చట్రంలో వేశారు. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గీసింది, నెలనెలా అక్కడే ఉండేది. కథ అరిగిపోవచ్చు, అడిగే సందర్భం అరిగిపోదు.

ఇప్పుడు పది భాగాలు, ఇరవై భాగాలు తీసే వెబ్ సిరీస్‌ల కాలం. హ్యారీ పాటర్‌ని కూడా మళ్ళీ మొదట్నుంచి సిరీస్‌గా తీస్తామని 2023లో ప్రకటించారు, సినిమాల్లో పోయిన అధ్యాయాలు ఇప్పుడైనా వస్తాయని అభిమానుల ఆశ. కాశీమజిలీని ఎవరైనా అలా తీయాలనుకుంటే నాకున్నది ఒకటే కోరిక. గ్రాఫిక్స్ ఎంత పెట్టినా, కథలు ఎలా మార్చినా, వేరే దేశం నుంచి ఇంకో దీపం తెచ్చి అంటుకట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. మనవాళ్ళు ఎప్పుడూ చేసిందే అది. కానీ భాగం మొదట్లో ఒక చెట్టు కింద పొయ్యి వెలగాలి. మూట దించుకున్న కుర్రాడు ఊరంతా తిరిగొచ్చి, అదేమిటి, దాని కథేమిటి అని అడగాలి. జవాబు బాగుండకపోతే వాడు లేచి వెనక్కి నడవగలడన్న భయం చెప్పేవాడికి ఉండాలి.